నాలుగు బాటల నడుమ చిత్రశాల

కళ ఎక్కడ నివసించవలెనన్న ప్రశ్న పైకి పండితుల చర్చవలె కనిపించును. నిజమునకు అది ప్రతి ఊరివారి ప్రశ్న. జనగామ బడిలో చదువుకొను బాలునికి ఒక మంచి చిత్రకారుని చేతిపనిని కన్నులార చూడవలెనని కోరిక పుట్టినచో, ఉపాధ్యాయుడు అతనికి హైదరాబాదు దారి చూపవలసి వచ్చును. అక్కడ సాలార్‌జంగ్ మ్యూజియము కలదు; మాదాపూరున రాష్ట్ర చిత్రశాల కలదు. మహబూబాబాదు బాలికకు ఆ దూరము మరికొంత ఎక్కువ. రైలుబండి లేని భూపాలపల్లి పిల్లలకు ఇంకను ఎక్కువ. విహారయాత్రలో ఒకసారి, గంటసేపు, పరుగుపరుగున చూచి వచ్చు వస్తువుగా చిత్రకళ మిగిలిపోయినది. ప్రతిదినము బడికి నడచు దారిలో మాత్రము ఆ బాలుని చూపునకు తగులునది ఫ్లెక్సీ. జన్మదిన శుభాకాంక్షలు, కళాశాలల ర్యాంకుల పట్టికలు, చేతులు జోడించి నవ్వు ముఖములు! కంటికి మంచి ఆహారము కావలసిన వయస్సులో కంటికి దొరకుచున్నది ఇది.

ఈ నేల మీద కళ పూర్వము ఇంత దూరమున ఉండలేదు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా నుండి వేరుపడి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలైనవి. జిల్లాలు కొత్తవే గాని వాని కళాసంపద కొత్తది కాదు. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలములో పాండవుల గుట్ట ఉన్నది. అక్కడి రాతిగోడల మీద ఆదిమానవుడు గీచిన వర్ణచిత్రములు 1990లో వెలుగులోనికి వచ్చినవి. తలదాచుకొనిన చోటనే, వంటపొగ తగులు చోటనే అతడు జంతువుల బొమ్మలు గీచినాడు. నివాసము వేరు, చిత్రశాల వేరు అను భేదము అతనికి తెలియదు. అదే జిల్లాలో ఘనపురము కోటగుళ్లను కట్టించిన కాకతీయుల కాలములోను శిల్పము ప్రజలు వచ్చిపోవు ఆవరణలోనే నిలిచినది. మహబూబాబాదు జిల్లా డోర్నకల్లులో 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన చర్చిని చూచినవారికి ఈ సంగతి మరింత బోధపడును. బిషపు అజరయ్యగారు విదేశపు నమూనాను తెచ్చి అక్కడ నిలుపలేదు. దేవాలయపు స్తంభములను, మసీదు గుమ్మటములను తలపించు రూపములను ఒక్క కట్టడములో కూర్చినారు. ఆనాటికి అది నవీనకళయే. అది వెలసినది రైలుజంక్షను గల చిన్న ఊరిలో.

ఈ సంప్రదాయమునకు అన్నిటికంటె చక్కని ఉదాహరణము చేర్యాల పటము. నేడు చేర్యాల సిద్దిపేట జిల్లాలో చేరినను, దాని బంధుత్వమంతయు జనగామ ప్రాంతముతోనే. నకాషీలు ఖద్దరు గుడ్డకు సుద్ద, బియ్యపు గంజి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతపూసి, దాని మీద ఎర్రని నేపథ్యమున కథను గడులుగడులుగా చిత్రించుదురు. పటము పొడవు ముప్పది అడుగులు దాటుట సామాన్యము. దానిని నకాషీ తనకొరకు గీయలేదు; ధనికుని హాలు కొరకును గీయలేదు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఆ పటమును భుజాన వేసికొని ఊరూరు తిరిగి, వీధినడుమ విప్పి, ఒక్కొక్క గడిని చూపుచు కథ పాడెడివారు. అనగా చిత్రశాలయే ప్రజల వాకిటికి నడచి వచ్చెడిది. పటములోని కథ వారి కులపురాణమే. చూచువారు తమ కథను తామే చూచుకొనెడివారు.

జనగామ పక్కనే, హైదరాబాదు–వరంగల్లు రహదారి మీది పెంబర్తిది వేరొక చరిత్ర. ఇత్తడిరేకును కాచి మెత్తబరచి, ఉలితో సుత్తితో పువ్వులను, హంసలను, దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తేల్చుట అక్కడి పనితనము. గుడి తలుపులకు, ధ్వజస్తంభములకు, ఉత్సవవాహనములకు తొడుగులుగా ఆ పని రూపొందినది. రథము కదలిన దినమున ఆ కళ వీధిలోనే ఊరేగెడిది.

ఈనాడు ఈ రెండు విద్యలకును భౌగోళిక గుర్తింపు ముద్ర లభించినది. సంతోషింపదగిన విషయమే. కాని గుర్తింపు వేరు, పోషణ వేరు. సినిమా, టెలివిజను వచ్చిన పిమ్మట పటకథలను రాత్రంతయు కూర్చుండి వినువారు తగ్గిపోయినారు. కథకులు తగ్గగనే పొడవైన పటములు వ్రాయించువారును తగ్గిరి. ముప్పది అడుగుల పటము క్రమముగా గోడకు తగిలించు చదరపు బొమ్మగా, ముఖపు తొడుగుగా, బహుమతి వస్తువుగా ముడుచుకొనిపోయినది. పెంబర్తి రేకు జ్ఞాపికగా మారినది. చేతిలో విద్య ఉన్నది. దానికి చోటు కరవైనది. కావున నేటి కళను వీధిలోనికి తెచ్చుటయన్నది ఊరికి రంగులద్దు విలాసము కాదు. పోషకుని కోల్పోయిన కళకు కొత్త పోషకుని వెదకుట. ఆ పోషకుడు ఇకమీద పురపాలక సంఘము, పాఠశాల, బస్సుస్టాండు, రైలుస్టేషను కావలెను.

ఇట్లు చేసినవారు లేకపోలేదు. 1938 ఫిబ్రవరిలో గుజరాతులోని హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగినది. గాంధీజీ కోరికపై నందలాల్ బోస్, ఆయన శిష్యులు ఆ సభాప్రాంగణమును సుమారు నాలుగువందల చిత్రములతో అలంకరించినారు. వానిలో వీరపురుషుల విజయముల కంటె దంచు స్త్రీ, దున్ను రైతు, వడ్రంగి, డప్పు వాయించువాడు వంటి వారికే పెద్దపీట లభించినది. జానపద పటపు రీతి, నాటి జనుల బ్రతుకు – రెండును అక్కడ కలిసినవి. దానికి ముందే, 1923 మొదలు కొన్నేండ్లపాటు, మెక్సికో దేశములో దీగో రివేరా విద్యాశాఖ భవనపు గోడలను శ్రామికుల, రైతుల, బడిపంతులమ్మల చిత్రములతో నింపినాడు. ఒక దేశపు విద్యాశాఖ తన గోడలనే పాఠ్యపుస్తకముగా విప్పియుంచినది.

మన దేశములో 2015 తరువాతి సంవత్సరములలో ఢిల్లీ లోధీ కాలనీ గోడల మీద, హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు చెంతనున్న మక్తా ఇండ్ల మీద దేశవిదేశ చిత్రకారులు పెద్దపెద్ద కుడ్యచిత్రములు వ్రాసినారు. ఇక చిన్న పట్టణములలో గోడబొమ్మకు పట్టిన గతి వేరు. ప్రహరీగోడ చెంత మూత్రవిసర్జన మాన్పించుటకు వరుసగా దేవుళ్ల బొమ్మల పలకలు అతికించుట అందరెరిగినదే. అక్కడ చిత్రము కావలివాని ఉద్యోగము చేయుచున్నది! మరికొన్ని చోట్ల గుత్తేదారు ఒకే అచ్చుతో ఒకే నెమలిని ఊరూర దింపును. 2022లో ఆరంభమైన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమపు పన్నెండు అంశములలో బడులకు రంగులు వేయుట ఒకటి. రంగు వేయుట మేలే. కాని రంగు వేసిన గోడ వేరు, చిత్రము గల గోడ వేరు. మొదటిది శుభ్రముగా నుండును, రెండవది మాటాడును.

ఏమి మాటాడవలెను? పాత పటములోని బొమ్మలనే పెద్దవి చేసి దింపినచో అది నకలు మాత్రమే. నకాషీ తన కాలపు శ్రోతలకు వారి కథ చెప్పినట్లే, నేటి చిత్రకారుడు నేటి బాటసారికి అతని కథ చెప్పవలెను. జనగామ గోడకు కథలు వెదకనక్కరలేదు. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో తన పంటను విడువని చిట్యాల ఐలమ్మ, బమ్మెరలో కలము పట్టిన పోతన – ముగ్గురును ఆ జిల్లా మట్టిలోనివారే. మహబూబాబాదులో తండాల స్త్రీలు అద్దములు, గవ్వలు కుట్టిన దుస్తులలోని త్రికోణములు, చతురస్రములు ఆధునిక చిత్రకారునికి ఏ విదేశపు పాఠము కంటెను తక్కువ కావు. దాని పక్కన ఎండుమిర్చి కల్లపు ఎరుపు ఉండనే ఉన్నది. భూపాలపల్లిలో సింగరేణి గనికి పోవు కార్మికుని తలదీపము కలదు. పాండవుల గుట్ట మీది ఎరుపును, బొగ్గు నలుపును ఒక్క గోడపై కలుపగల చిత్రకారుని కొరకు ఆ ఊరి బస్సుస్టాండు ఎదురుచూచుచున్నది. అమృత్ భారత్ పథకములో జనగామ, మహబూబాబాదు స్టేషనులు రెండును చేరినవి. ప్లాట్‌ఫారముపై బండికొరకు వేచియుండు అరగంట, చిత్రము చూచుటకు మ్యూజియము ఇచ్చు గంటకంటె తక్కువది కాదు.

ఈ పనికి చేర్యాల పద్ధతి బాగుగా అక్కరకు వచ్చును. గుంపులో వెనుక కూర్చున్నవానికి సహితము దీపపు వెలుగున కనబడవలెనని ఏర్పడిన చిత్రమది. నిండు రంగులు, స్పష్టమైన గీత, గడుల వరుస – కదలు బస్సులోనివానికిని అవి అందును. ఐతే గోడ గుడ్డ కాదు. కొత్త సిమెంటు పూత నాలుగు వారములు ఆరక మునుపు రంగు వేసినచో పొక్కి రాలును. చెమ్మ ఎక్కు గోడ చిత్రమునకు పనికిరాదు. పడమటి ఎండ నేరుగా తగులు గోడ మీద రంగు త్వరగా వెలయును. చూరు నీడనున్న గోడ మేలు. ఈ సంగతులు ముందుగా ఆలోచింపక వేయించిన చిత్రము మూడు వానలకు మరకయై, కళకే అపకీర్తి తెచ్చును.

బడికి బల్లలు, దవాఖానకు మందులు కావలసియుండగా బొమ్మలకు సొమ్మేల అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఫ్లెక్సీల మీద ఊరు ఖర్చు పెట్టుచునే ఉన్నది. అవి నెల తిరుగకముందే చిరిగి కాలువలో పడుచున్నవి. ఖర్చు కొత్తది కాదు, ఎన్నిక కొత్తది కావలెను. దానితోపాటు మూడు నియమములు అవసరము. చిత్రకారునికి కూలి కాదు, పారితోషికము ముట్టవలెను. గోడ మూలన అతని పేరు ఉండవలెను. ఆ గోడపై ప్రకటన అతికింపరాదని ఊరు ఒప్పుకొనవలెను.

ఇందులో ఉపాధ్యాయుల పాలు పెద్దది. ప్రభుత్వపు ఉత్తరువు వచ్చునంతవరకు ఆగనక్కరలేదు. వీధివైపునకు తిరిగిన బడి ప్రహరీగోడ ఒక్కటి చాలును. పిల్లలు తాము ప్రతిదినము నడచు బాటలో ఏమి చూచుచున్నారో ముందు కాగితము మీద గీయవలెను. ఊరి పెద్దల నోట కథలు సేకరింపవలెను. అటుపిమ్మట చేర్యాల నుండి ఒక నకాషీని పిలిచి, ఆయన గీత గీయుచుండగా వారు రంగులందించవలెను. ఎర్రని నేపథ్యము ఏల వేయుదురో, ముఖములకు రంగులు ఎట్లు ఎన్నుకొందురో ఆ పక్షము దినములలో వారు నేర్చుకొనునది ఏ పుస్తకము చెప్పజాలదు. పని ముగిసిన నాటి సాయంకాలము ఊరివారిని పిలిచి, పూర్వపు కథకులవలె ఒక్కొక్క గడిని కర్రతో చూపుచు ఆ పిల్లలే కథ చెప్పవలెను. మరునాడు సంతకు పోవు రైతు ఆ గోడ ముందు సైకిలు ఆపి, మూడవ గడిలోని ఎడ్ల జత తనదేనా అని అడిగినచో, కళ తన ఇంటికి తిరిగి వచ్చినట్లే.