గ్రహణం పట్టింది.. కనిపెట్టారా?

నార్వేలోని ట్రామ్‌సో ఆర్కిటిక్ వలయానికీ పైనున్న ఊరు. నవంబరు చివర్లో వెళ్లిపోయిన సూర్యుడు మళ్లీ జనవరి మధ్యలోగానీ ముఖం చూపించడు. ఆ చీకటి రోజుల్లో పున్నమి చంద్రుడే పెద్ద దీపం. 2020 జనవరి 10న ఆ దీపానికే గ్రహణం పట్టింది!

రాత్రి 8:10కి అది పతాకస్థాయికి చేరింది. మరి చంద్రుడు ఎర్రబడ్డాడా? లేదు. అంచు కొరికినట్టు నల్లబడిందా? అదీ లేదు. ఎందుకంటే పడింది భూమి అసలు నీడ కాదు, దాని చుట్టూ ఉండే పల్చటి నీడ. అదే ఉపచ్ఛాయ. అప్పుడు చంద్రుడి మీద నిలబడి చూస్తే, భూమి సూర్యుణ్ని కొంతే కప్పినట్టు కనిపిస్తుంది. మిగతా వెలుగు వస్తూనే ఉంటుంది. అందుకే చంద్రుడి దక్షిణపు అంచు కాస్త మసకబారిందంతే.

అదే సమయానికి మనకు అర్ధరాత్రి 12:40. మన డాబాల మీద నుంచీ కనిపించిన గ్రహణమే అది. తలెత్తి చూసినా ‘మామూలు పున్నమేగా’ అనుకునేంత సన్నటి తేడా!

ఇలాంటిది మళ్లీ వస్తే ఓ పని చేయండి. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో సెట్టింగ్స్ మార్చకుండా గ్రహణానికి ముందొకటి, మధ్యలో ఒకటి ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కంటికి దొరకని నీడ అక్కడ దొరికిపోతుంది.