జీడిపెంకులో నూనె

జీడిమామిడిలో మనం పండు అనుకునేది నిజానికి ఉబ్బిన తొడిమ. అసలు కాయ దాని కొసన వేలాడే బూడిద రంగు పిక్కే. పిందె పడ్డాక ముందు పెరిగేదీ అదే. పిక్క పూర్తి సైజుకొచ్చాకే తొడిమ ఉబ్బి, రసం పట్టి, ఎరుపో పసుపో తిరుగుతుంది. సి విటమిన్‌లో నారింజ కూడా దానికి చాలదు. కానీ కోస్తే ఒక రోజు ఆగదు. గోవాలో దాని రసం పులియబెట్టి ఫెనీ కాస్తారు. మన ఉద్దానంలో మాత్రం చాలావరకు చెట్టు కిందే కుళ్లిపోతుంది.

పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఈ చెట్టు ఇసుక నేలల్లోనూ బతికేస్తుంది. దాని గడుసుతనమంతా పిక్కలో ఉంది. పై పెంకుకూ లోపెంకుకూ మధ్య తేనెపట్టు గదుల్లాంటి పొర, దాన్నిండా చిక్కటి నూనె. అందులోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మానికి తగిలితే బొబ్బలే. మామిడికాయ సొనకు మూతి పొక్కడం కూడా ఇలాంటి రసాయనాల పనే. రెండు చెట్లదీ ఒకే కుటుంబం మరి. పురుగూ జంతువూ పప్పు జోలికి రాకుండా కాచేది ఈ నూనే. కొట్లో ‘పచ్చి’ జీడిపప్పు అని అమ్మేది కూడా ఒకసారి వేడి చూసి వచ్చిందే.

ఆ వేడి పెట్టేది పలాస-కాశీబుగ్గ లాంటి చోట్ల. పిక్కల్ని కాల్చో, ఆవిరి పట్టో పెంకు పగలగొడతారు. పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. చేతులకు నూనో బూడిదో రాసుకున్నా వేళ్లు నల్లబడకుండా ఉండవు. తర్వాత పప్పు ఆరబెట్టి, పొట్టు తీసి, గుండు, బద్ద, ముక్క వేరు చేస్తారు. 80 కిలోల బస్తా పిక్కలకు దక్కే పప్పు సుమారు 20 కిలోలు. డబ్ల్యూ 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగేదని. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు, ధర ఎక్కువ.

మిగతా బరువులో ఎక్కువ భాగం పెంకుదే. అది చెత్త కాదు. దాని నూనెను బాగా వేడి చేస్తే అనకార్డిక్ ఆమ్లం కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి కార్డనాల్‌గా మారుతుంది. దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే గట్టి రెసిన్ తయారవుతుంది. రాపిడికి పుట్టే వేడిని తట్టుకుంటుంది కాబట్టి బ్రేకు లైనింగుల్లో వాడతారు. రంగుల్లో, వార్నిషుల్లో కూడా పడుతుంది. నూనె పోయాక మిగిలిన పెంకు పిప్పి బాయిలర్లలో మండుతుంది. తినదగిన పండును నేలపాలు చేసి, చెయ్యి కాల్చే నూనెను జాగ్రత్తగా పిండుకుంటున్నాం. ఆ పండుకూ ఒక దారి వెతకొచ్చు గదా అనిపిస్తుంది. నూనె పోయాక మిగిలిన పెంకు పిప్పి బాయిలర్లలో మండుతుంది.