కప్పు గెలిచిన క్లబ్బు ఊరెందుకు విడిచింది?

6 కోట్ల రూపాయలు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీకి దక్కిన ప్రైజ్ మనీ అది. అదే సీజన్లో ఒక్కో క్లబ్బు ఆటగాళ్ళ జీతాలకు లీగ్ పెట్టిన గరిష్ఠ పరిమితి 16.5 కోట్లు. దేశంలో అందరినీ దాటుకుని ఫైనల్‌కు వెళ్ళి, 88వ నిమిషంలో స్కోరు సమం చేసి, పెనాల్టీ షూటౌట్‌లో 3-1తో గెలిచినా చేతికొచ్చింది ఆ జీతాల పద్దులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. కోచ్‌లు, విమానాలు, హోటళ్ళు, మైదానం అద్దె, డాక్టర్లు, లీగ్‌కు కట్టే రుసుము ఇవన్నీ వేరే పద్దులు.

ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కూడినచోట మాట ఎక్కువగా ఇంగ్లండు, స్పెయిను క్లబ్బుల చుట్టూ తిరుగుతుంది. ఛాంపియన్స్ లీగ్ కోసం అర్ధరాత్రి దాటాక, చలికాలమైతే ఒకటిన్నరకు ఫోన్ ముందు కూర్చునేవాళ్ళు వాళ్ళు. ఏ ఆటగాణ్ణి ఎంతకు కొన్నారు, యజమాని డబ్బు తీస్తాడా లేదా అన్నది వాళ్ళకు కంఠతా వచ్చు. కానీ మన భాష మాట్లాడే రాష్ట్రాల్లో ఆరేళ్ళు బతికిన ఒక పెద్ద క్లబ్బు ఎందుకు నిలవలేదో అడిగితే, "ఆ యజమానులు సరిగ్గా లేరు బ్బా" అన్న ఒక్క మాటతో వాదన ముగుస్తుంది. ఆ జవాబులో కొంత నిజం ఉండొచ్చు. లెక్క చూస్తే మాత్రం జబ్బు అంతకంటే లోతున ఉంది.

ముందు పాయింట్లు చూద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుణె క్లబ్బు మూతపడితే, లీగ్‌లో ఖాళీ అయిన ఆ చోటు హైదరాబాద్‌కు వచ్చింది. మొదటి సీజన్లో 18 మ్యాచ్‌లాడి 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. మానోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక 2020-21లో 29 పాయింట్లు, అయిదో స్థానం. 2021-22లో 38 పాయింట్లు, లీగ్ పట్టికలో రెండో స్థానం, ఆపైన కప్పు. ఆ ఏడు బార్తొలొమ్యూ ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022-23లో 42 పాయింట్లు, మళ్ళీ రెండో స్థానం. ఆ మరుసటి సీజన్లో 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లు. ఒకే ఒక్క గెలుపు.

42 నుంచి 8కి పడిపోవడం ఆట మరిచిపోయినందువల్ల కాదు. జీతాలు ఆగిపోయాయి. బకాయిల ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్ళాయి, కొత్త ఆటగాళ్ళను చేర్చుకోకుండా నిషేధం పడింది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, పేరున్న భారతీయులూ వెళ్ళారు. మిగిలిన కుర్రాళ్ళతో కోచ్ థాంగ్‌బోయి సింగ్టో సీజన్ ఈడ్చుకొచ్చాడు. ఆ కుర్రాళ్ళను నేను తప్పుపట్టలేను. జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా వారం వారం మైదానంలోకి దిగి ఓడిపోవడం చిన్న కష్టం కాదు. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్బును తీసుకుంది. 2024-25లో 18 పాయింట్లతో 13 జట్లలో పన్నెండో స్థానం. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. లీగ్‌లో ఒకే కుర్చీ ఆరేళ్ళలో మూడు ఊళ్ళు తిరిగింది.

క్లబ్బుకు డబ్బు ఎక్కడినుంచి రావాలి? అభిమానికి మొదట తట్టేది టికెట్లు. ఒక ఊహా లెక్క వేద్దాం. 12 జట్ల లీగ్‌లో సొంత మైదానంలో ఆడేవి 11 మ్యాచ్‌లు. టికెట్ సగటున 200 రూపాయలు, మ్యాచ్‌కు 5,000 మంది వచ్చారనుకుంటే సీజన్ మొత్తానికి 1 కోటి 10 లక్షలు. జనాన్ని నాలుగింతలు చేసి, గచ్చిబౌలి స్టేడియంలో 20,000 మందిని కూర్చోబెట్టినా 4 కోట్ల 40 లక్షలు. 16.5 కోట్ల జీతాల ముందు అది ఏ మూలకు? పైగా ఈ క్లబ్బు తన ఉచ్చదశలో ఆ కాసిని వసూళ్ళు కూడా చూడలేదు. కరోనా వల్ల 2020-21, 2021-22 లీగ్‌లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ కప్పు గెలిచిన సీజన్లో హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. జట్టు ఎదిగిన ఆ రెండేళ్ళూ ఊరి జనానికి దానితో ముఖపరిచయమే లేకుండా గడిచిపోయాయి. క్లబ్బు బలహీనతకు కారణాలు చెప్పేవాళ్ళు ఈ సంగతికి ఇవ్వాల్సినంత బరువు ఇవ్వడం లేదని నా అభిప్రాయం.

టికెట్లు కాకపోతే ప్రకటనలు, ఆ తర్వాత టీవీ హక్కుల్లో వాటా. ఇక్కడే అసలు ముడి. ఇండియన్ సూపర్ లీగ్‌లో ప్రైవేటు క్లబ్బు ఏటా నిర్వాహకులకు ఫ్రాంచైజీ రుసుము కట్టాల్సి ఉండేది, ఉమ్మడి ఆదాయంలోంచి కొంత వెనక్కి రావాల్సి ఉండేది. మన వైపు శనగ చేను గుత్తకు తీసుకున్న రైతు పరిస్థితి లాంటిదే ఇది: పంట ఎంత పండినా పండకపోయినా గుత్త ముందే ఖాయం. మరి ఆ ఉమ్మడి రాబడి పెద్దదా? 2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ళకు 700 కోట్లకు రిలయన్స్-ఐఎంజీకి ఇచ్చింది. సగటున ఏడాదికి 46 కోట్ల 67 లక్షలు. చివరి ఏళ్ళలో ఏటా 50 కోట్లు.

దీని పక్కన క్రికెట్ అంకె పెట్టి చూడండి. 2023 నుంచి 2027 వరకు అయిదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లు. 410 మ్యాచ్‌లకు పంచితే మ్యాచ్‌కు సుమారు 118 కోట్లు. ఈ రెండూ ఒకే రకం ఒప్పందాలు కావు. ఒకటి సమాఖ్యకు ముట్టే హామీ సొమ్ము, రెండోది లీగ్ ప్రసార హక్కుల ధర. అయినా దూరం ఎంతో తెలియడానికి ఇది చాలు: ఒక్క ఐపీఎల్ మ్యాచ్ ప్రసార హక్కుల ధరలో సగం కూడా లేదు దేశ ఫుట్‌బాల్ సమాఖ్యకు ఏడాదికి వచ్చిన హామీ. హైదరాబాద్‌లోనే ఉన్న సన్‌రైజర్స్‌ను 2012లో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున కొనుక్కుంది. ఆ జట్టు గెలిచినా ఓడినా ఉమ్మడి ఖజానా నుంచి వాటా వస్తూనే ఉంటుంది. అక్కడ అభిమాని జట్టు కూర్పు గురించి మాత్రమే గొడవపడగలిగేది అందుకే.

ఫుట్‌బాల్ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. దానికి ముందే జులైలో, ఆ తర్వాతి సంగతి తేలలేదంటూ 2025-26 లీగ్‌ను ఆపేశారు. ఏటా కనీసం 37.5 కోట్లు గానీ ఆదాయంలో 5 శాతం గానీ ఇవ్వాలని కొత్త టెండరు పిలిచారు. బిడ్ల పరిశీలన కమిటీకి చీరాలలో పుట్టిన మన జస్టిస్ లావు నాగేశ్వరరావు అధ్యక్షుడు. నవంబరు 7 గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డు కూడా రాలేదు. 50 నుంచి 37.5కు దిగినా కొనేవాడు లేడు. చివరికి 14 క్లబ్బులతో, ఒక్కో జట్టూ మిగతావాటితో ఒక్కొక్కసారే తలపడేలా 91 మ్యాచ్‌ల కురచ లీగ్ 2026 ఫిబ్రవరి 14న మొదలవుతుందని కేంద్ర క్రీడామంత్రి జనవరిలో ప్రకటించాల్సి వచ్చింది. ఆ 14లో తెలుగు రాష్ట్రాల క్లబ్బు ఒక్కటీ లేదు.

రావాల్సిన క్లబ్బు లేక కాదు. 2015లో విశాఖపట్నంలో మొదలై, తర్వాత హైదరాబాద్ చేరిన శ్రీనిధి డెక్కన్ కింది అంచె ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. పై లీగ్‌కు దారి ఉన్నది మొదటి స్థానానికి ఒక్కదానికే. అలా రెండుసార్లూ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

మన కుర్రాళ్ళు అంతగా వాదించుకునే ఇంగ్లండులో ఈ లెక్క ఎలా ఉంటుంది? ప్రీమియర్ లీగ్ 2024-25 ఉమ్మడి రాబడి పంపకంలో మొదటి స్థానంలో నిలిచిన లివర్‌పూల్‌కు దాదాపు 17.5 కోట్ల పౌండ్లు, ఆఖరున మిగిలిన సౌతాంప్టన్‌కు దాదాపు 10.9 కోట్ల పౌండ్లు వెళ్ళాయి. అంటే అట్టడుగు జట్టుకు కూడా మన డబ్బులో 1,200 కోట్ల పైమాటే, మొదటి జట్టుకు దక్కినదాంట్లో 60 శాతానికి మించి. ఓడినవాడు బతికితేనే గెలిచినవాడికి ఎదురు ఆడటానికి జట్టుంటుందన్న గ్రహింపు ఆ పంపకంలో ఉంది. అక్కడా అంతా బాగుందని కాదు. శతాబ్దం దాటిన బరీ క్లబ్బును డబ్బు చిక్కుల వల్లే 2019 ఆగస్టులో లీగ్ నుంచి తొలగించారు. మూడేళ్ళలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టం చూపకూడదన్న నియమం దాటినందుకు 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోత పెట్టారు, అప్పీలులో అది 6కు తగ్గింది. పద్దుల పుస్తకం పాయింట్ల పట్టికను మార్చేసిన సందర్భమది. 2025లో ఆ దేశ పార్లమెంటు ఫుట్‌బాల్‌కు ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను చట్టంతో తెచ్చింది. క్లబ్బు పేరు, గుర్తు, సొంత మైదానం మార్పు లాంటివి యజమాని ఇష్టానికే వదిలేయకూడదన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. జర్మనీలో 1998 నుంచే ప్రైవేటు పెట్టుబడి వచ్చినా సగానికి పైన ఓట్లు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. మన దగ్గర 'డెక్కన్ లీజియన్' పేరుతో గచ్చిబౌలిలో డప్పు కొట్టి పాడిన అభిమానులకు క్లబ్బు తరలిపోతుంటే ఆపే హక్కు ఏ చట్టంలోనూ లేదు.

హైదరాబాద్‌కు మరో పద్ధతి ఒకప్పుడు తెలుసు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆటగాడికి ఉద్యోగమే జీతం. కప్పు వచ్చినా రాకున్నా ఒకటో తేదీన జీతం వచ్చేది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించింది. ఆ కాలం తిరిగిరాదు. కానీ నిలకడైన జీతం జట్టుకు ఏం చేస్తుందో దానికంటే గట్టి రుజువు లేదు.

ఇక ప్రొద్దుటూరు, పులివెందుల ఉన్న మన జిల్లా సంగతి. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె నుంచి వచ్చిన క్రికెటర్ శ్రీచరణిని మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ మొదట 55 లక్షలకు తీసుకుంది. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడాక 1 కోటి 30 లక్షలకు తీసుకుంది. మొదటి వేలంలో ఆమె కనీస ధర 10 లక్షలు. అదే ఫుట్‌బాల్ ఆడే అమ్మాయికి, ఇండియన్ విమెన్స్ లీగ్‌లో సమాఖ్య 2023లో నిర్ణయించిన కనీస ఒప్పందం ఏడాదికి 3 లక్షల 20 వేలు. ఈ అంకెలు తెలిసిన తల్లిదండ్రులు బిడ్డ చేతికి బంతి ఇస్తారో బ్యాటు ఇస్తారో వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళను తప్పుపట్టనూ లేము.

అయినా ఆట మొదలవడానికి కోట్లు అక్కర్లేదు. పూర్తి కొలత ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్లు, 68 మీటర్లు. మన లెక్కలో 1 ఎకరా 76 సెంట్లు. చుట్టూ వదిలే జాగాతో కలిపి రెండెకరాలకు అటూ ఇటూ. పక్కనున్న అనంతపురంలో ఆర్డీటీ సంస్థ 2000లో క్రీడాగ్రామం కట్టి, గ్రామాల పిల్లలతో ఏటా లీగ్ నడిపి, స్పెయిన్ లా లిగా భాగస్వామ్యం దాకా తీసుకెళ్ళింది. పులివెందుల నుంచి అక్కడికి వంద కిలోమీటర్ల లోపే. గచ్చిబౌలి ప్రొద్దుటూరుకు నాలుగు వందల కిలోమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. మన పిల్లలకు దగ్గరి ఆశ ఎటువైపు ఉందో ఆ దూరాలే చెబుతాయి.

రేపు తెలుగు పేరుతో మరో క్లబ్బు వస్తుంది, తప్పకుండా వస్తుంది. అప్పుడు ఏ విదేశీ ఆటగాడొస్తున్నాడని అడిగే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఉమ్మడి రాబడిలో క్లబ్బు వాటా ఎంత, సీజన్ జీతాలకు బ్యాంకు హామీ ఉందా, ఊరు మార్చాలంటే అభిమానుల అనుమతి అవసరమా. వాటికి జవాబు రాకుండా జెర్సీ కొనొద్దు. ఆ డబ్బుతో మీ ఊరి హైస్కూలు మైదానానికి రెండు గోల్ పోస్టులు పెట్టించండి.