మీ పొలం పైన సొంత కుంట కట్టారా? ముందు మత్తడి చూసి రండి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఒర్రెకు అడ్డంగా కట్ట పోయడం కొత్త కాదు. ఇదివరకు ఆ పని ఊరంతా కలిసి చేసేది, లేదా సర్కారు చేసేది. ఇప్పుడు సొంత భూమి ఉన్నవారూ చేస్తున్నారు. ఒకరు చేపల కోసం, ఒకరు తోట కోసం, పట్నం నుంచి వచ్చి భూమి కొన్నవారు సెలవు రోజున పడవ తిప్పుకోవడానికి. జేసీబీ వస్తుంది, నాలుగు రోజుల్లో కట్ట లేస్తుంది. దాని కింద ఎకరమో, రెండెకరాలో వరి ఉన్న రైతు 'పోనీలే, మన బాయిలకు ఊట వస్తది' అనుకుంటాడు. ఊట వచ్చే మాట నిజమే. కానీ ఆ కట్ట తెగితే ముందు పోయేది కింది రైతు మడి, మోటారు, కొట్టంలో కట్టేసిన బర్రె. కట్ట ఎవరిదైనా దాన్ని చూడటం మీకు తెలిసి ఉండాలి.

అన్ని కుంటలకూ ఈ భయం లేదు. ఉపాధి హామీ పనుల్లో భూమిలోకి తవ్విన కుంటలో నీళ్లు నేల మట్టానికి కిందే ఉంటాయి. తెగడానికి అక్కడ ఏమీ లేదు. నేలకు పైన, కట్టను ఆనుకుని నిలిచిన నీళ్లతోనే చిక్కు. ఎకరం జాగాలో సగటున 8 అడుగుల నీళ్లు నిలిస్తే సుమారు కోటి లీటర్లు. అంటే 10 వేల టన్నుల బరువు. చూడటానికి చిన్న కుంటే.

నీళ్లకు దారి ఉందా?

మట్టి కట్ట నిండినందుకు తెగదు. నీళ్లు దాని మీద నుంచి పోతే తెగుతుంది, లేదా దాని లోపల నుంచి పోతే తెగుతుంది. రాతి గోడ మీద నుంచి నీళ్లు దుంకితే కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టి ఓర్చుకోదు. బయటి వాలు కోసుకుపోతూ వెనక్కి, లోపలికి గండి పెద్దదవుతుంది. అందుకే మన పెద్దలు కట్ట కన్నా ముందు మత్తడికి జాగా చూసుకునేవారు. కోస్తా వారు అలుగు అనేది దీన్నే.

మత్తడి ఎంత వెడల్పు ఉండాలి? ఒక లెక్క చూడండి. కుంటలోకి 50 ఎకరాల నీళ్లు దిగుతాయనుకుందాం. 10 సెంటీమీటర్ల వాన పడి, అందులో సగం ఇంకిపోయినా, మిగిలిన సగమే కోటి లీటర్లు. అది మూడు గంటల్లో వచ్చి పడితే సెకనుకు సగటున 33 ఘనపుటడుగులు, అంటే 33 క్యూసెక్కులు. మత్తడి మీద అడుగు లోతున నీళ్లు పోతుంటే ఒక్కో అడుగు వెడల్పుకు సుమారు 3 క్యూసెక్కులు పోతాయి. ఈ లెక్కన 11 అడుగులు కావాలి. వరద ఎప్పుడూ సగటున రాదు, ఒక్క ఊపున వస్తుంది. కాబట్టి దానికి రెట్టింపు, 20 అడుగులకు తగ్గితే అనుమానించాల్సిందే. చాలాచోట్ల కనిపించేది మాత్రం కట్టలో పెట్టిన రెండు సిమెంటు గూనలు!

10 సెంటీమీటర్లు ఎక్కువేమో అనుకోవద్దు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. దాని గేట్లు వదలగలిగేది 3 లక్షలే. రాష్ట్రమంతా ఊపిరి బిగపట్టి చూసింది. అదే కడెం 1958లో వరదకు తెగింది. 2016 సెప్టెంబరులో మానువాడ దగ్గర పని జరుగుతుండగానే మిడ్ మానేరు కట్టకు గండి పడింది. ఇంజినీర్లున్న కట్టల సంగతే ఇదైతే, జేసీబీ డ్రైవరు అంచనాతో లేచిన కట్ట మాటేమిటి?

మత్తడి మీద నుంచి నీళ్లు జోరుగా పోతున్నప్పుడు కూడా కట్ట తల ఇంకా 3 అడుగులు పైన కనబడాలి. తల అంతా ఒకే మట్టం ఉండాలి. ట్రాక్టరు, గొడ్లు నడిచిన చోట కట్ట కుంగుతుంది, నీళ్లు ముందు దుంకేది అక్కడే. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపుతో ఒక పూటలో తేలిపోతుంది.

చేపల కోసం జాలీ

మరో అలవాటు ఉంది. చేపలు కొట్టుకుపోతాయని మత్తడికి వల గానీ, ఇనుప జాలీ గానీ కడతారు. వరదలో వచ్చిన చెత్త, కంప, గడ్డి దానికి పట్టుకుని మత్తడి మూసుకుపోతుంది. అమెరికాలో జాన్‌స్‌టౌన్ అనే పట్టణానికి పైన సౌత్ ఫోర్క్ దగ్గర ధనవంతుల క్లబ్బు ఒకటి పాత మట్టి కట్టను కొని, వేటకూ విహారానికీ చెరువు చేసుకుంది. గుర్రపు బండ్లు తిరగడానికి కట్ట తల తగ్గించారు. మత్తడికి చేపల జాలీ పెట్టారు. అడుగు నుంచి నీళ్లు వదిలే గొట్టాలు అంతకుముందే తీసేసి ఉంటే మళ్లీ పెట్టలేదు. 1889 మే 31న పెద్ద వానకు నీళ్లు కట్ట మీద నుంచి పోయి అది తెగింది. 2,209 మంది చనిపోయారు. క్లబ్బు మీద వేసిన దావాల్లో ఒక్కటీ గెలవలేదు. మన కుంట అంత పెద్దది కాదు. కానీ జాలీ చేసే పని ఎక్కడైనా ఒకటే. చేపలు పోతే మళ్లీ పిల్లలు వేసుకోవచ్చు.

తేట నీరు, బురద నీరు

ఇక లోపలి నుంచి పోయే నీళ్లు. కట్ట కింది అంచున కాస్త చెమ్మ, తేట ఊట ఉండటం మామూలే. ఒక కర్ర పాతి గుర్తు పెట్టుకుని, అది పెరుగుతోందా చూస్తుండాలి. నీరు బురదగా వస్తే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టే. దాన్నే బుంగ అంటాం.

బుంగకు కారణాలు తెలిసినవే. మట్టిని దిబ్బ పోసినట్టు పోసి వదిలేయడం మొదటిది. అరడుగు మందం పొరలుగా పోసి, తడి చూసుకుని, ఒక్కో పొరను రోలరుతో తొక్కించాలి. ట్రాక్టరు అటూ ఇటూ తిరిగితే చాలదు. నల్లరేగడి ఒక్కదాంతో కట్ట పోస్తే ఎండాకాలం నెర్రెలు బారుతుంది. రేగడి మధ్యలో, మొరం పైన ఉండాలి. కట్టలో నుంచి తూముకని ప్లాస్టిక్ పైపు వేసి చుట్టూ మట్టి గట్టిగా కూరకపోతే, నీళ్లు పైపులో కాక పైపు వెంబడి పోతాయి. సర్కారు తుమ్మ వేళ్లు చివికినా, పందికొక్కులు తవ్వినా, ఎండ్రికాయలు బొక్కలు చేసినా అంతే. 2019 జులై 2న మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరె డ్యాం తెగి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోతే, ఆ రాష్ట్ర మంత్రి ఎండ్రికాయల మీద నెట్టారు. నీరు కారుతోందని ఊరివాళ్లు అంతకుముందే మొత్తుకున్నారు.

బుంగ కనబడితే బయటి వైపు బంకమట్టితో మూయకండి. నీళ్లు ఆగవు, ఇంకోచోట పొడుస్తాయి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు వేయాలి. నీరు వస్తుంది, మట్టి రాదు. నీళ్లు లోపలికి దిగే బొక్క కుంట వైపు దొరికితే బస్తాలు అక్కడ వేయాలి.

ఎవరిని అడగాలి?

2021 నాటి డ్యాం భద్రత చట్టం 15 మీటర్లు మించిన కట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్నిటికి వర్తిస్తుంది. 5 మీటర్ల ఫాంహౌస్ కట్ట అందులోకి రాదు. అయినా యజమానికి బాధ్యత లేదని కాదు. చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ లైను దెబ్బతింటే, కంపెనీ దావా వేసింది. 1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ జమీందారు పక్షాన చెప్పింది. అవి జనం బతుకుకు అవసరమైన పాత చెరువులని, వాటిని నిలబెట్టడం ఆయన విధి అని, ఆయన అజాగ్రత్త కనబడలేదని కారణాలు. పడవ షికారుకు నిన్న కట్టిన కుంట ఈ మాట చెప్పుకోలేదన్నది నా ఉద్దేశం.

అందుకే నోటిమాటతో వదలకండి. కింది రైతులు నలుగురు కలిసి, మత్తడి, బుంగ, తేదీ రాసి కాగితం యజమానికి ఇవ్వండి. ఒక ప్రతి తహసీల్దారుకు, ఒకటి నీటిపారుదల శాఖ ఏఈకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ పని మృగశిరకు ముందే జరగాలి.

వానలో నీళ్లు కట్ట తలకు దగ్గరైతే ముందు కింది ఇళ్లవారిని లేపి, గొడ్లను విప్పి, 112కు ఫోన్ చేయండి. ఆ తర్వాతే పార పట్టాలి. మత్తడికి అడ్డుపడ్డ జాలీ, చెత్త ఒడ్డు నుంచి లాగగలిగితే లాగండి. తెంపక తప్పకపోతే కట్టను మాత్రం ముట్టుకోవద్దు, కట్ట చివరన అసలు గట్టి నేల ఉన్నచోట కాలువ తీయాలి. చీకట్లో కట్ట మీదికి ఒక్కరే పోవద్దు.