నీళ్ళ ధార ఆగిందా? వెంటనే ఇంజన్ ఆపండి

పడవ నడుస్తున్నంతసేపూ ఔట్ బోర్డ్ ఇంజన్ పక్కనుంచి సన్నటి నీళ్ళ ధార చిమ్ముతూ ఉంటుంది. రోజూ చూసేదే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అది ఆగిన రోజే దాని విలువ తెలుస్తుంది.

రస్ అల్ ఖైమాలో తరాద్ మీద పనిచేసే మన శ్రీకాకుళం సోదరులకు అదే జరిగింది. గర్గూర్లు ఎత్తి తిరిగి వస్తుంటే ధార ఆగింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది. మరో పడవ తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. వాళ్ళకు నెల జీతం లేదు, వాటా పద్ధతి. ఖర్చులు పోగా మిగిలిందే పంచుకోవాలి. అంటే రిపేరు బిల్లు పెరిగితే ఇంటికి పంపే డబ్బు తగ్గినట్టే. అందుకని అర్బాబ్ అనుమతి తీసుకుని పంపు తామే విప్పారు. ఇంగ్లీషు పుస్తకం చదివి చెప్పడం గుమాస్తాలమైన మా వంతు, పానా తిప్పడం వాళ్ళ వంతు. ఒక శుక్రవారంతో పని అయిపోయింది.

జబ్బు ఎక్కడుంది?

ఈ ఇంజన్లకు కారులో లాగా రేడియేటర్ ఉండదు. సముద్రపు నీటితోనే చల్లబడతాయి. ఆ నీటిని పైకి తోసేది ఇంపెల్లర్ అనే చిన్న రబ్బరు చక్రం. ఇసుకకు దాని రెక్కలు అరుగుతాయి. నీళ్ళు లేకుండా కొద్దిసేపు నడిపినా కాలిపోతాయి. వేసవిలో ఇక్కడి సముద్రపు నీరే 33 డిగ్రీలు దాటుతుంది. పంపు బలహీనపడితే ఇంజన్ తట్టుకోలేదు.

ముందు ధార వచ్చే రంధ్రంలో సన్న తీగ పెట్టి చూడండి. ఒక్కోసారి ఉప్పు, చెత్త అడ్డుపడినా ధార ఆగుతుంది.

మార్చే పద్ధతి

ఇంజన్ పొరపాటున కూడా స్టార్టు కాకుండా స్పార్క్ ప్లగ్ వైర్లు, బ్యాటరీ ఉంటే దాని వైరు తీసేయండి. గేరు రాడ్ విడదీసి, బోల్టులు విప్పి, ప్రొపెల్లర్ ఉన్న కింది భాగాన్ని ఇద్దరు పట్టుకుని మెల్లగా దించండి. గేరు ఏ స్థానంలో ఉండాలో మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. పంపు మూత తీస్తే ఇంపెల్లర్ కనిపిస్తుంది. దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న కీ ముక్క జాగ్రత్త, ఇసుకలో పడితే దొరకదు.

మా వాళ్ళ ఇంపెల్లర్ కు రెండు రెక్కలు లేవు. విరిగిన ముక్కలు వెతక్కుండా కొత్తది వేస్తే కష్టం వృథా. ఒకటి మూతలో, రెండోది నీటి గొట్టంలో దొరికాయి.

కొత్త రెక్కలకు మెరైన్ గ్రీజు పూసి, షాఫ్టును అది మామూలుగా తిరిగే వైపే తిప్పుతూ మూత దించాలి. చాలా ఇంజన్లలో అది పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశ. గాస్కెట్ కూడా కొత్తదే వేయండి. బిగించేటప్పుడు నీటి గొట్టం దాని రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి.

ప్రొపెల్లర్ తీసేసి, పెద్ద డ్రమ్ములో మంచినీళ్ళు నింపి, నీరు పీల్చే రంధ్రాలు బాగా మునిగేలా పెట్టి, న్యూట్రల్ లో స్టార్టు చేయండి. కాసేపట్లో ధార రావాలి. రాకపోతే ఆపేయండి. ధార వచ్చినా ఇంజన్ బలం తగ్గినట్టుంటే లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్ దగ్గరికే వెళ్ళాలి.

రోజూ వేటకు వెళ్ళే పడవకు ఏటా ఒకసారి ఇంపెల్లర్ మార్చడం మంచిది. ఆ శుక్రవారం డ్రమ్ము పక్కన ధార చిమ్మగానే మన సోదరుల ముఖాలు వెలిగాయి. మర్నాడు తెల్లవారకముందే పడవ వేటకు కదిలింది.