అల్లెతాడు తెగితే లక్షల విల్లు మూలకే

వరంగల్: తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు తెగేదాకా ఆగడు. పోగులు లేచాయంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది వేసుకుంటాడు. చేదబావి తాడూ అంతే. గిరక మీద రోజూ ఒరుసుకునే చోటు నలిగిందని చూసిన ఇల్లాలే మార్చమని చెబుతుంది. కాని లక్ష రూపాయలకు పైగా పోసి కొన్న కాంపౌండ్ విల్లుకు అదే జాగ్రత్త కావాలన్న సంగతి మాత్రం చాలామందికి తోచదు. ఆ విల్లుకు ప్రాణమంతా మూడు తాళ్లలోనే ఉంది. అందులో ఏ ఒక్కటి తెగినా విల్లు విరగవచ్చు, పట్టుకున్న పిల్ల కన్నుకే ముప్పు రావచ్చు.

ఈ విల్లు మాట ఇప్పుడు పల్లెల్లోనూ వినిపించడానికి కారణం ఉంది. మన పొరుగునే ఉన్న పెద్దపల్లి జిల్లా సుల్తాన్‌పూర్ గ్రామానికి చెందిన తానిపర్తి చికిత 2025 ఆగస్టులో కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగిన ప్రపంచ యువ విలువిద్య పోటీల్లో 21 ఏళ్ల లోపు కాంపౌండ్ విభాగంలో స్వర్ణం గెలిచింది. అంతకుముందు విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే విల్లుతో మూడు స్వర్ణాలు సాధించింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని కూడా చేర్చారు. ఈ వార్తలు విన్న ఏ తండ్రికైనా తన బిడ్డకూ ఒక విల్లు కొనాలనిపించడం సహజం. విల్లు ధర అందరూ అడుగుతారు. నారి ఎన్నాళ్లు వస్తుందని అడిగేవారే తక్కువ.

వెదురు నారి వేరు, ఈ తాడు వేరు

విల్లు మన ప్రాంతానికి కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ బస్తర్ అడవుల నుంచి వలస వచ్చి ములుగు, భూపాలపల్లి అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల విల్లుకు వెదురు బద్దనే నారి. అది అరిగితే మరో వెదురు చీల్చి, చెక్కి, పొద్దు గుంకేలోగా బిగించుకోవచ్చు. బజారుతో పని లేదు. వేట మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో నేరమైంది. ఇక ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకిన దూదేకుల వారి పెద్ద విల్లు పాతతరం వారికి గుర్తుండే ఉంటుంది. దానికి జంతువు నరంతో చేసిన తంతి ఉండేది. అది సడలితే మోతలోనే తేడా తెలిసిపోయేదట.

కాంపౌండ్ విల్లు వీటి జాతి కాదు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీన్ని 1960ల్లో రూపొందించి 1969లో పేటెంట్ పొందాడు. విల్లు రెండు కొసలకూ గిరకలు ఉంటాయి. క్యామ్‌లని పిలిచే ఈ గిరకలు మన బావి గిరకలా గుండ్రంగా ఉండవు, ఒక పక్కకు సాగి ఉంటాయి. బాణం ఎక్కించే నారి ఒకటి, గిరకలను రెక్కలతో ముడిపెట్టే కేబుళ్లు రెండు. లాగడం మొదలుపెట్టినప్పుడు బరువు పెరుగుతుంది, చివరికి వచ్చేసరికి గిరక తిరిగి బరువు ఒక్కసారిగా తగ్గుతుంది. పోటీల్లో అనుమతించే గరిష్ఠ బరువు 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు. ముప్పాతిక వంతు తగ్గించే విల్లయితే గురి చూసేటప్పుడు వేళ్ల మీద పడేది 7 కిలోలే. 50 మీటర్ల దూరాన ఉన్న గురిని స్థిరంగా చూడగలిగేది అందుకే.

తొలినాళ్ల కాంపౌండ్ విల్లులకు సైకిల్ బ్రేకు వైరులాంటి ఉక్కు కేబుళ్లు ఉండేవి. వాటి చివర లోహపు కొక్కేలకు నారిని తగిలించేవారు కనుక నారి ఒక్కదాన్ని మార్చడం తేలిక. తర్వాత ఉక్కు పోయి దారం కేబుళ్లు వచ్చాయి. డైనీమా, వెక్ట్రాన్ అనే కృత్రిమ పోగులను ఇరవైకి అటూ ఇటూగా కలిపి పురి పెట్టి చేస్తారు. బరువు తగ్గింది, వేగం పెరిగింది. కాని అరుగుదల మీద కన్ను వేసి ఉంచాల్సిన పని వచ్చిపడింది.

అరిగినట్టు ఎలా తెలుస్తుంది

మొదట కనిపించేది నూగు. నూలు బట్ట అరిగినట్టు నారి పొడవునా సన్నని వెంట్రుకల్లాంటి పోగులు లేస్తాయి. ఆ దశలో మైనం రాసి వేళ్లతో రుద్దితే సరిపోతుంది. వేళ్లకు వేడి తగిలేలా రుద్దాలి, మైనం పోగుల లోపలికి దిగాలి. చుట్టుదారం ఉన్న చోట మాత్రం మైనం పూయకూడదు. పోగు ఒక్కటి తెగి కనిపించినా ఇక మైనంతో పని లేదు, ఆ విల్లును ఆనాటికి దించవలసిందే. గిరక గాడిలో తాడు మలుపు తిరిగే చోట, కేబుళ్లు ఒకదానినొకటి ఒరుసుకునే చోట, చివరి ఉంగరాల దగ్గర బాగా చూడాలి. తెగేది అక్కడే.

బాణం తోక పట్టే చోట చుట్టిన దారం అన్నిటికన్నా ముందు సడలుతుంది. దానికోసం నారి మొత్తం మార్చనక్కరలేదు. చుట్టే చిన్న పనిముట్టు, గట్టి దారం ఉంటే చాలు. కొత్తవాడలో జంపఖానాలు నేసే చేతికి ఇది పదినిమిషాల పని అనిపిస్తుంది. పురి, బిగువు, పోగు లెక్క తెలిసినవారు మన జిల్లాలో ఇంతమంది ఉండగా నారి చుట్టించుకోవడానికి దూరపు నగరాలకు పరుగెత్తడం ఎందుకో ఆలోచించవలసిన విషయమే.

ఎండ ఇంకొక శత్రువు. డైనీమా అంటే పాలిథీన్ జాతి పోగే. మన వైపు మే నెల ఎండలకు రేకుల షెడ్డులోనో మూసిన కారు డిక్కీలోనో విల్లును వదిలితే నారి సాగుతుంది. సాగిన నారి మళ్లీ ముడుచుకోదు. గురి కిందికీ పైకీ పోతుంటే పిల్లవాడి చెయ్యి వణుకుతోందని కోప్పడేవారు ముందు విల్లు ఎక్కడ పెట్టాడో కనుక్కోవాలి.

రోజూ వందల బాణాలు వేసేవారికి ఏడాదిలోపే నారి, కేబుళ్లు మార్చవలసి రావచ్చు. వారానికి ఒకటి రెండు రోజులు వేసేవారికి రెండు మూడేళ్లు రావచ్చు. బయటికి బాగానే కనిపించినా అంతకు మించి వాడడం మంచిది కాదు.

జాకీలు, మోకులతో వద్దు

ముఖ్యమైన మాట ఇది. మామూలు విల్లును మోకాలితో వంచి నారి తీసినట్టు కాంపౌండ్ విల్లుకు తీయడానికి వీల్లేదు. నారి లాగకపోయినా దాని రెక్కలు బిగుసుకొనే ఉంటాయి. కత్తితో నారి కోసినా, కేబుల్ కొసను స్క్రూడ్రైవర్‌తో ఎగదోసినా రెక్కలు ఒక్కసారిగా విడిపోయి ముఖానికి తగులుతాయి. సైకిల్ షాపులో వైసుకు బిగించి, తాడుతో లాగి మారుస్తామనేవారిని నమ్మరాదు. దీనికి బో ప్రెస్ అనే యంత్రం ఉంది. అది రెక్కల కొసలను రెండు వైపులా సమానంగా పట్టి నెమ్మదిగా వంచుతుంది. నేటి విల్లుల రెక్కలు దాదాపు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి కాబట్టి ప్రెస్ కూడా ఆ రకానికి సరిపోయేదై ఉండాలి.

పనిముట్టు ఉన్నచోట పని ఇలా సాగుతుంది. ముందు టేపుతో కొలతలు రాసుకోవాలి. రెండు గిరకల ఇరుసుల మధ్య దూరం, పిడి నుంచి నారి దాకా దూరం, కంటికి ఎదురుగా ఉండే పీప్ ఎత్తు, బాణం తోక పట్టే చోటు, గిరకల మీది గుర్తులు ఎక్కడున్నాయో అన్నీ కావాలి. సెల్‌ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకుంటే మరీ మేలు. కేబుల్ దేని మీద నుంచి పోతోందో తర్వాత గుర్తుండదు. రెక్కల బోల్టులను రెండు వైపులా సమానంగా, కంపెనీ చెప్పిన మేరకే వదులు చేయాలి. ప్రెస్‌లో పెట్టి తాళ్లు సడలేదాకా వంచాలి. ఒక తాడు తీసి దాని స్థానంలో కొత్తది వేశాకే రెండో దాని జోలికి పోవాలి. పురి విప్పుకోకుండా పట్టుకోవాలి. కొసల ఉంగరాలు రెండూ ఒకే సైజులో ఉండకపోవచ్చు, తారుమారు చేయరాదు. ప్రెస్ వదిలేటప్పుడు తాడు గాడిలో కూర్చుందో లేదో ప్రతి అంగుళానికీ చూడాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి, పిల్లలను దగ్గరికి రానీయరాదు.

తర్వాత కొలతలు సరిచూడాలి. కేబుల్‌కు పురి ఎక్కిస్తే అది పొట్టిదవుతుంది, ఇరుసుల దూరం తగ్గుతుంది, లాగే బరువు పెరుగుతుంది. పురి విప్పితే దీనికి తిరుగు. రెండు గిరకలూ ఒకేసారి చివరికి చేరుతున్నాయో లేదో చూడడానికి ఒకరు లాగితే మరొకరు పక్కన నిలబడి చూడాలి. అర పురి తేడా వచ్చినా బాణం తోక ఊగుతూ పోతుంది. ఒంటరిగా చేసే పని కాదన్నమాట. బాణం లేకుండా నారి లాగి వదిలిపెట్టే ఆట మాత్రం ఎవరూ ఆడరాదు. బాణం తీసుకుపోవలసిన శక్తంతా రెక్కల మీదికే తిరిగి వస్తుంది, కొత్త నారి అయినా తెగుతుంది.

మార్చిన మర్నాడే పోటీకి పోవడం తెలివి తక్కువ పని. కొత్త తాళ్లు కుదురుకోవడానికి వందా రెండు వందల బాణాలు పడతాయి. అందాకా పీప్ పక్కకు తిరుగుతుంది, గురి మారుతుంది. పెద్ద పోటీలకు పోయేవారు అదే తీరుగా అమర్చిన రెండో విల్లును వెంట ఉంచుకునేది ఇందుకే. మన పిల్లలకు ఆ స్తోమత ఎక్కడిది? కనీసం రెండో జత తాళ్లయినా ముందే ఎక్కించి, కొన్ని బాణాలు వేసి, తీసి సంచిలో దాచుకోవాలి.

విల్లు కొనిపెట్టి ఫోటో దిగే దాతలు దొరుకుతారు గాని, ఏటా కొన్ని వేలు ఖర్చయ్యే తాళ్లకు దాతలు దొరకడం కష్టం. ఒక్కో ఇంటివారు ప్రెస్ కొనడం కుదరదు. జిల్లాకు ఒకటి, దాన్ని నడపడం నేర్చిన మనిషి ఒకరు ఉంటే అందరికీ సరిపోతుంది. విల్లు పంచే ముందే ఈ ఏర్పాటు చేస్తే నారి తెగిన విల్లు అలమరాకు చేరదు.

తాళ్లు తెప్పించుకునేవారు పాత తాడును కొలిచి ఆ పొడవు చెప్పరాదు, అది ఎప్పుడో సాగిపోయి ఉంటుంది. విల్లు రెక్క మీద అంటించిన చీటీలో నారి పొడవు, కేబుళ్ల పొడవు అచ్చు వేసి ఉంటాయి. ఎండకు ఆ అక్షరాలు చెరిగిపోకముందే నోటుబుక్కులో ఎక్కించుకోవాలి, తాళ్లు ఎక్కించిన తేదీ కూడా పక్కనే రాసుకోవాలి.