రాత్రిపూట కట్టుడు పళ్ళు ఎక్కడ పెడుతున్నారు?

(రేడియో ప్రసంగ పాఠం)

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని దమ్మాం నుంచి మాట్లాడుతున్నాను. వృత్తిరీత్యా దంతవైద్యురాలిని. కట్టుడు పళ్ళు పెట్టుకునేవారి నోట్లో వచ్చే వాపు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పుస్తకంలో ఉన్నది తర్వాత చెబుతాను. ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే.

మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి మూడు నెలలు ఉందామని వచ్చారు. వయసు 71. పైనా కిందా పూర్తి పళ్ళ సెట్టు. షుగరుకి మాత్రలు వేసుకుంటారు. వచ్చిన మూడో వారం నుంచి తిండి తగ్గించేశారు. ఆవకాయ జాడీ వైపు చూడటం మానేశారు. చారు కూడా మంటగా ఉందన్నారు. "ఇక్కడి ఎండలకి, మీ ఖర్జూరాలకి వేడి చేసిందే అమ్మాయ్" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను. మావారు బి కాంప్లెక్స్ మాత్రలు తెచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం ఎప్పటిలాగే షుగరు మాత్ర వేసుకుని, అన్నం మాత్రం రెండు ముద్దలే తిన్నారు. గంటలో ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడి, సోఫాలో కూలబడిపోయారు. పంచదార నీళ్ళతో తేరుకున్నారు కాబట్టి సరిపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసే నేను, అప్పటిదాకా ఆవిడ నోరు చూడలేదు.

పళ్ళు తీసి చూపించమంటే ఒప్పుకోలేదు. "పళ్ళు లేని మొహం మీ మావయ్యగారే చూళ్ళేదు, నీకు చూపిస్తానా?" అన్నారు. చివరికి గది తలుపు వేసి, మావాణ్ణి బయటికి పంపాక తీశారు. అంగిలి మొత్తం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు పై సెట్టు అంచు ఎక్కడిదాకా ఉందో సరిగ్గా అక్కడిదాకానే, గీత గీసినట్టు ఆగిపోయింది. పెదాల మూలలు, మన పెద్దవాళ్ళు సెలవులు అంటారే, అవి రెండు వైపులా చీరుకుపోయి ఉన్నాయి. సంగతేమిటంటే, ఊళ్ళో ఆవిడ రోజూ రాత్రి పళ్ళు తీసి గిన్నెలో నీళ్ళలో వేసి పడుకునేవారు. ఇక్కడ మాది రెండు గదుల ఫ్లాటు. మనవడితో కలిసి పడుకుంటున్నారు. వాడు చూసి భయపడతాడనో, నవ్వుతాడనో, వచ్చిన రోజు నుంచి రాత్రిళ్ళు తీయడమే మానేశారు.

ఇది నేను క్లినిక్కులో ఎన్నోసార్లు చూసిన కథే. బిడ్డల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు దమ్మాంలో అయినా, డల్లాస్‌లో అయినా చేసేది ఇదే.

ఇప్పుడు జబ్బు సంగతి. కాండిడా అనే ఈస్టు జాతి శిలీంధ్రం, అంటే బూజులాంటిది, ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా చాలామంది నోట్లో ఉంటుంది. లాలాజలం దాన్ని కడిగేస్తూ అదుపులో ఉంచుతుంది. పై సెట్టు అంగిలికి అతుక్కుని ఉంటుంది కాబట్టి దాని కిందకి లాలాజలం సరిగా పోదు. వెచ్చగా, తడిగా, గాలి ఆడకుండా ఉన్న చోటు. పైగా సెట్టు తయారయ్యే ఆక్రిలిక్ కంటికి నున్నగా కనిపించినా దానికి సన్నని రంధ్రాలుంటాయి. బూజు అందులో పాతుకుని పొరలా పేరుకుంటుంది. కింది సెట్టు కదులుతూ ఉంటుంది, లాలాజలం ధారాళంగా తగులుతుంది, అందుకే కింద ఇది అరుదు. 1962లో న్యూటన్ అనే వైద్యుడు దీన్ని మూడు రకాలుగా విడదీశాడు: అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, సెట్టు కింద అంతటా ఎరుపు, అంగిలి మధ్యలో గరుకుగా లేచిన బుడిపెలు. ఆ విభజననే ఇప్పటికీ వాడుతున్నాం.

చాలామందికి ఇందులో నొప్పి ఉండదు. అంగిలి ఎర్రగా కాలినట్టున్నా మనిషికి తెలియదు. మా అత్తయ్యగారిలా కారం తగిలితే మంట, నోట్లో అదోరకం రుచి, సెలవులు పగలడం కొందరిలో కనిపిస్తాయి. అందుకని "నొప్పి లేదుగా" అని వదిలేయకండి. పళ్ళు తీయించి, టార్చి వేసి చూడాలి.

సౌదీలో దీనికి కలిసొచ్చేవి కొన్ని ఉన్నాయి. పొడిగాలి, ఇరవై నాలుగు గంటలూ ఏసీ, వాటితో నోరు ఎండిపోవడం. షుగరు అదుపులో లేకపోతే బూజుకి మేత దొరికినట్టే. ఇసుక తుఫాన్లప్పుడు ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారు పళ్ళు తీసి నోరు పుక్కిలించకపోతే మందు అంగిలి మీదే నిలుస్తుంది. రక్తహీనత, ఈ మధ్యే వాడిన యాంటీబయాటిక్స్ కూడా కారణాలే. రంజాన్ ఉపవాసాలుండే మన హైదరాబాదు, కడప కుటుంబాల పెద్దలకు ఒక మాట. సహర్ తర్వాత పడుకున్నా, మధ్యాహ్నం పడుకున్నా, ఆ నిద్రలో పళ్ళు తీసి ఉంచండి. రాత్రే కానక్కర్లేదు, రోజు మొత్తంలో ఆరు నుంచి ఎనిమిది గంటలు అంగిలికి విశ్రాంతి దొరకాలి. పగలు మందు వేసుకోలేమంటే డాక్టరుతో చెప్పండి, ఇఫ్తార్‌కీ సహర్‌కీ మధ్య సర్దవచ్చు.

వైద్యంలో చాలామంది తలకిందులుగా చేసేది ఇక్కడే. మందు నోటికి వేస్తారు, సెట్టుని వదిలేస్తారు. బూజు ఇల్లు కట్టుకున్నది సెట్టు మీద. దాన్ని శుభ్రం చేయకుండా ఎంత మందు పోసినా, ఆపిన కొన్నాళ్ళకి ఎరుపు మళ్ళీ వస్తుంది.

తిన్న ప్రతిసారీ తీసి కడగాలి. రోజుకొకసారైనా మెత్తటి బ్రష్షుతో, మామూలు సబ్బు నీళ్ళతో, ముఖ్యంగా అంగిలికి ఆనే లోపలి వైపు తోమాలి. టూత్‌పేస్టు వద్దు, అందులోని గరుకు ఆక్రిలిక్‌ను గీస్తుంది, ఆ గీతల్లో బూజు ఇంకా బాగా దాక్కుంటుంది. మరిగే నీళ్ళలో వేస్తే సెట్టు ఒంగిపోతుంది. సింకులో కాసిని నీళ్ళు నింపుకుని తోమితే చెయ్యిజారినా విరగదు. రాత్రి నీళ్ళలో ఉంచాలి, ఎండబెట్టకూడదు. నానబెట్టే బిళ్ళలు మంచివే కానీ అవి సెట్టుకే, నోటికి కాదు. మింగే మాత్ర అనుకునే పెద్దలుంటారు, అందుబాటులో పెట్టకండి. నానబెట్టాక బాగా కడిగే పెట్టుకోవాలి. బట్టల బ్లీచింగు ద్రావణం పలచగా కలిపి వాడేవారున్నారు. 2011లో అమెరికా ప్రోస్థోడాంటిస్టుల సంఘం ఇచ్చిన సూచనల ప్రకారం అందులో పది నిమిషాలకు మించి ఉంచకూడదు. సెట్టులో లోహం ఉంటే అసలే వద్దు. ఎంత కలపాలో మీ డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. ఇక్కడ అందరూ వాడే మిస్వాక్ పుల్ల సొంత పళ్ళకి బాగానే ఉంటుంది, సెట్టు లోపలి వంపుల్లోకి మాత్రం పోదు. పళ్ళు లేని చిగుళ్ళను, అంగిలిని, నాలుకను తడి గుడ్డతోనో మెత్తని బ్రష్షుతోనో తుడవడం కూడా మరచిపోకండి.

చాలామందికి ఈ శుభ్రత, రాత్రి విశ్రాంతితోనే సగం తగ్గుతుంది. తగ్గకపోతే మందు. నిస్టాటిన్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు, పళ్ళు తీసి, నోట్లో కాసేపు ఉంచుకోవాలి. వాటిలో చాలా రకాల్లో చక్కెర ఉంటుంది, షుగరు ఉన్నవారు చూసి కొనాలి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత కూడా రాసిస్తే, రెండూ ఒకేసారి వాడకండి, ఒకదాన్ని మరొకటి పనిచేయనివ్వదు. ఇక మైకొనజోల్ జెల్. ఫార్మసీకి వెళ్ళి నోటిపూత అంటే చాలాసార్లు చేతిలో పెట్టేది ఇదే. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్‌గానీ, మన దగ్గర ఎక్కువగా ఇచ్చే ఎసిట్రోమ్‌గానీ వాడుతున్నవారు దీన్ని ముట్టుకోకూడదు. నోట్లో రాసిన జెల్లే కదా అనిపిస్తుంది, కానీ అది రక్తంలోకి చేరి ఆ మందుల బలం పెంచి రక్తస్రావం దాకా తీసుకుపోతుంది. ఫ్లుకొనజోల్ మాత్రలతోనూ ఆ ప్రమాదముంది. షుగరుకి గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వాడేవారికి ఈ రెండు మందులూ చక్కెరను మరీ కిందికి దించవచ్చు. కాబట్టి నోటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే, వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

పళ్ళు ఊడాక దవడ ఎముక ఏటేటా కరుగుతుంది, అందువల్ల ఒకప్పుడు సరిపోయిన సెట్టు వదులవుతుంది. వదులైన సెట్టు అంగిలిని రుద్దుతూ వాపుని పెంచుతుంది. లోపల కొత్త పొర వేయించవచ్చు, లేదా కొత్త సెట్టు చేయించవచ్చు. అయితే వాపు తగ్గాకే కొలత తీయాలి, వాచిన అంగిలికి తీసిన కొలత తగ్గాక సరిపోదు. ఇంకో మాట. విమానం ఎక్కే ముందు వారంలో కొత్త సెట్టు చేయించుకుని రావద్దు. కొత్త సెట్టు మొదటి వారాల్లో ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది, చేసిన డాక్టరే రెండు మూడుసార్లు సరిచేయాలి. ఆయన ఊళ్ళో, మీరు ఇక్కడ. గోరు గీసే ఆకురాయితో సొంతంగా అరగదీసుకున్న సెట్లు నా దగ్గరికి వచ్చాయి, ఇక వాటికి చేయగలిగింది తక్కువ. ఇక్కడి ఇన్సూరెన్సు వీటికి వర్తిస్తుందో లేదో బయల్దేరే ముందే పాలసీలో చూసుకోండి.

ఎరుపంతా బూజే అనుకోకూడదు కూడా. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే అలవాటు ఉండేది, ముఖ్యంగా ఆడవాళ్ళలో. ఆ వేడి నేరుగా అంగిలికి తగిలి అక్కడ క్యాన్సర్ రావడాన్ని మన వైద్యులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. మీ ఇంటి పెద్దలకు ఆ అలవాటు ఉన్నా, ఎప్పుడో ఉండి మానేసినా డాక్టరుకి చెప్పండి. రెండు వారాలు గడిచినా మానని పుండు, గట్టిపడిన మచ్చ, తెల్లటి పొర ఏదైనా సరే, సెట్టు గుచ్చుకుందని సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించండి.

రాత్రి పళ్ళు తీయడం అంగిలి కోసమే కాదు. జపాన్‌లో 85 ఏళ్ళు దాటిన 524 మందిని మూడేళ్ళు గమనించి 2015లో ప్రచురించిన పరిశీలనలో, కట్టుడు పళ్ళతో పడుకునేవారికి న్యుమోనియా ముప్పు రెండు రెట్లు మించి కనిపించింది. పళ్ళ వల్లే వచ్చిందని అది రుజువు చేయదు. అయినా నోట్లోని మురికి నిద్రలో ఊపిరితిత్తులకు జారుతుందన్నది మాకు తెలిసిన విషయమే.

మా అత్తయ్యగారికి మందు, శుభ్రతలతో రెండు వారాల్లో అంగిలి రంగు మారింది. సెలవులు ముందే మానాయి. మందు కన్నా కష్టమైంది గది సంగతి. మావాణ్ణి హాల్లో పరుపు వేసి పడుకోబెట్టాం. ఆవిడ బాత్రూములో అద్దం పక్కన మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టాను, లోపలిది కనిపించకుండా ఉండే నీలం రంగుది. ఆవిడ అడక్కుండానే పెట్టాను, ఎందుకని ఆవిడా అడగలేదు. మర్నాడు పొద్దున చూస్తే అందులో నీళ్ళున్నాయి.